రెండు మంచాల మధ్య

మా గదిలో రెండు మంచాల మధ్య మూరెడు జాగా ఉంది. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీ ఇంగ్లండ్ క్లస్టర్‌లో ఒకే గదిని పంచుకుని బతికే చాలామందిలాగే మాకూ సూట్‌కేసులు, చెప్పులు, రైస్ కుక్కర్ పోగా మిగిలిన నేల అంతే. తెల్లవారుజామున మిగతావాళ్ళు నిద్రలో ఉండగా నేను అక్కడే మోకరిస్తాను. మోకాళ్ళు ఒక మంచాన్ని, పాదాలు ఇంకో మంచాన్ని తాకుతాయి. ఈ వారం ఆ మూరెడు నేల గురించే రాస్తున్నాను.

మోకాళ్ళ ప్రార్థన నాకు అమ్మ నేర్పింది. కోనసీమలో మా ఊరి మందిరంలో పాస్టరుగారు "మోకరిద్దాం" అనగానే చాపలన్నీ ఒక్కసారి గరగరమనేవి. పొద్దంతా నాట్లేసి వచ్చిన అమ్మ అందరికంటే ముందు వంగేది, అందరికంటే ఆఖర్న లేచేది. దేవుడికి తల వంచడం తేలికేనని ఆమెను చూసి అనుకునేవాణ్ణి.

ఇక్కడికొచ్చాక ఆ ఆలోచన ఇంకోలా బలపడింది. చైనా, ఫ్రాన్స్, స్పెయిన్, గ్రీస్, మొరాకో అంటూ పది క్లస్టర్లకు పది పేర్లున్న ఈ పేటలో ఊళ్ళో మన ఇంటిపేరు ఏదైతేనేం, మెడలో వేలాడే కార్డే మన పేరు. సూపర్‌వైజర్ కేకేస్తే పరిగెత్తాలి, తప్పు మనది కాకపోయినా సారీ చెప్పాలి. రోజుకి పదిసార్లు వంగేవాడికి గర్వమెక్కడిది? అది డబ్బున్నవాళ్ళ జబ్బు, నా దగ్గర దేవుడికి అప్పగించాల్సిన అహం ఏమీ మిగల్లేదనుకున్నాను.

నా పొరపాటు మా ఇంటి మెట్ల దగ్గర బయటపడింది.

ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నాం. డబ్బు నేను పంపుతాను, తమ్ముడు దగ్గరుండి చూస్తాడు. అరుగు ఎత్తుగా, ఏడు మెట్లతో, రోడ్డు మీంచే కనబడాలని నేను చెప్పాను. వరదొస్తే మంచిదని సాకు కూడా చెప్పాను. ఒకరోజు వీడియో కాల్‌లో చూస్తే మూడే మెట్లు. "అమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి అన్నయ్యా, ఏడు ఎక్కలేదు. వరద నీళ్ళు మన వీధికి ఎప్పుడూ రాలేదు కదా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "డబ్బు నాది, మాట నాది" అని ఫోన్ పెట్టేశాను. నాలుగు నెలలు వాడితో మాట్లాడలేదు. డబ్బు మాత్రం నెలనెలా పంపాను, అదే నా మంచితనమనుకున్నాను.

ఆ నాలుగు నెలలూ మోకరిస్తూనే ఉన్నాను. ఇంట్లోవాళ్ళ పేర్లు వరసగా తలచుకునేటప్పుడు తమ్ముడి పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు పట్టేసేది. వాడి పేరు దాటేసి ముందుకెళ్ళేవాణ్ణి. పొద్దున్నుంచీ పరాయివాళ్ళ ముందు వంగినవాణ్ణి, నా ఇంటిమీద మాత్రం రాజునయ్యాను. నన్ను తక్కువ చేసిన ప్రతి మాటకీ బదులు, నేను పంపే డబ్బుతో ఇంట్లో తీర్చుకుంటున్నాను. మనుషులు మనల్ని తగ్గిస్తే వినయం రాదని అప్పుడు తెలిసింది. ఒక చోట నలిగిన అహం ఇంకోచోట మొలకెత్తుతుంది.

ఆ రోజుల్లోనే సహోదరుడు భక్తసింగ్ జీవితం చదివాను. ఆయన 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో చేతికిచ్చిన బైబిలును చింపేసి, అందంగా ఉందని అట్ట మాత్రం దాచుకున్నారు. 1928లో ఇంగ్లండ్ నుంచి కెనడాకి ఓడలో వెళ్తుండగా భోజనశాలలో క్రైస్తవ ఆరాధన జరిగింది. అందరూ మోకరించారు. నా దేశం, నా మతం, నా చదువు ఏం కావాలన్న గర్వం ఆయన్ని ఆపింది. మసీదులోనూ గుడిలోనూ చెప్పులు విడిచి మర్యాద చూపిన నేను ఇక్కడ ఎందుకు చూపకూడదనుకుని చివరికి వంగారు. ఆ క్షణంలోనే చెప్పలేని ఆనందం కలిగిందని ఆయన సాక్ష్యం. క్రీస్తుకు తనను అప్పగించుకున్నది మాత్రం 1929 డిసెంబరులో, కొత్త నిబంధన చదువుతుండగా. బాప్తిస్మం 1932లో, వాంకూవర్‌లో. ఆ మనిషే తర్వాత హైదరాబాదులోని హెబ్రోను ప్రార్థనా మందిరం కేంద్రంగా వేలమంది తెలుగువాళ్ళకి మోకాళ్ళ ప్రార్థన నేర్పి, 2000లో అక్కడే కన్నుమూశారు. ముందు వంగినవి ఆయన మోకాళ్ళు, మనసు వెనకాల నడిచొచ్చింది. మనసు లొంగేదాకా ఆగి మోకరిద్దామనుకుంటే ఆ రోజు రాకపోవచ్చు.

శుక్రవారం సెలవు దొరికితే బస్సెక్కి సెంటర్‌పాయింట్, అక్కణ్ణుంచి మెట్రో ఎక్కి బుర్‌జుమాన్‌లో మారి ఊద్ మేతాలో చర్చికి వెళ్తాను. 2022 నుంచి ఈ దేశంలో వారాంతపు సెలవు శని, ఆదివారాలకు మారినా చర్చిల్లో శుక్రవారం ఆరాధనలు ఆగలేదు. ఆ ప్రయాణంలో నాకు బైబిల్లోని నయమాను తరచూ గుర్తొస్తాడు. సిరియా సేనాధిపతి, కుష్ఠరోగి. అతనికి దారి చూపింది పరదేశంలో ఇంటిపని చేసే ఒక చిన్న బానిసపిల్ల. మన కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ ఇళ్ళల్లో పనికొచ్చిన ఆడవాళ్ళను చూసినవాళ్ళకి ఆ పిల్ల ఎవరో చెప్పక్కర్లేదు. యొర్దానులో ఏడుసార్లు మునగమంటే నయమాను మండిపడ్డాడు, మా ఊరి నదులు దీనికంటే మంచివి కావా అన్నాడు. అతనికి నచ్చచెప్పింది కూడా పనివాళ్ళే. దేవుని చిత్తం అతనికి కిందివాళ్ళ నోటి నుంచే వినబడింది. నాకు తమ్ముడి నోటి నుంచి వినబడింది, నేను ఫోన్ పెట్టేశాను.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దేవునికి లోబడటమంటే అన్యాయానికి లొంగడం కాదు. జీతం ఆగితే అడగాలి, పాస్‌పోర్టు లాక్కుంటే ఫిర్యాదు చెయ్యాలి. గెత్సేమనే తోటలో యేసు కూడా ముందు తన కోరిక తండ్రికి దాచకుండా చెప్పుకున్నాడు. ఆ తర్వాతే తండ్రి చిత్తానికి ఒప్పుకున్నాడు. అడగడం గర్వం కాదు. నా మాటే నెగ్గాలని పట్టుబట్టడం గర్వం.

ఒక తెల్లవారుజామున తమ్ముడి పేరు దాటలేకపోయాను. అక్కడే ఆగిపోయి ఏడ్చాను. లేచి ఫోన్ చేస్తే అక్కడ ఇంకా ఆరున్నర కూడా కాలేదు. "మూడు మెట్లే మంచిదిరా. నన్ను క్షమించు" అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అమ్మ లేచింది, మాట్లాడు అన్నయ్యా" అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

ఆ ఒక్క ఫోన్‌తో నా అహం చచ్చిపోలేదు. జీతం పడిన రోజున మళ్ళీ లేస్తుంది, నేను పంపకపోతే ఏమైపోతారు అంటుంది. అందుకే ఆ రోజు ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్ళకముందు ఇంకోసారి ఆ మంచాల మధ్య మోకరిస్తాను. ముందు తమ్ముడి పేరు చెప్పుకుంటాను, ఆ తర్వాతే డబ్బు పంపుతాను.