రెండున్నర గంటల నేర్పు

విజయనగరం జిల్లా నెల్లిమర్లలో మహారాజా వైద్య కళాశాల ఉంది. అదే మండలంలోని రామతీర్థంలో, గురుభక్తులకొండ మీద బౌద్ధ విహారాల శిథిలాలున్నాయి. ఊపిరిని గమనించే భిక్షువుల సాధన ఆసుపత్రిలో అడుగుపెట్టింది మాత్రం అమెరికాలో. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ దాన్ని రోగుల కోసం కొన్ని వారాల శిక్షణగా మలిచాడు. తర్వాత రోచెస్టర్‌లో మైకేల్ క్రాస్నర్, రొనాల్డ్ ఎప్‌స్టీన్ బృందం దాన్ని డాక్టర్లకు సరిపోయేలా తీర్చింది. ఆ పనితనమే చూడదగ్గది.

వారానికి రెండున్నర గంటల చొప్పున ఎనిమిది వారాలు, నడుమ ఏడు గంటల పూట ఒకటి, ఆపైన పది నెలలపాటు నెలకొక్కసారి. మొదట కాలివేళ్ల నుంచి తలదాకా ఒంటిని గమనించడం. ఒంటిని పరీక్షించడం డాక్టరుకు తెలిసిన విద్యే. కాకపోతే ఇక్కడ ఒళ్లు తనది, మందు రాయకూడదు. కనబడిందాన్ని వెంటనే సరిచేయాలన్న తొందరకు అక్కడ కళ్లెం పడుతుంది. ఆపైన వార్డులో ఎదురైన అనుభవాన్ని, ఒక మరణాన్నో ఒక పొరపాటునో, రాసి తోటివారితో పంచుకోవాలి. వినేవాళ్లు సలహా ఇవ్వకూడదు. కష్టమైన కేసులో తాము బాగా చేసిన పనినీ చెప్పుకోవాలి. తప్పుల లెక్కతోనే సరిపెట్టకపోవడం ఇందులో మెచ్చుకోదగ్గ సంగతి.

ఈ శిక్షణపై 2009లో వెలువడిన ఆ బృందం అధ్యయనంలో 70 మంది డాక్టర్లలో అలసట తగ్గింది, రోగి పట్ల సహానుభూతి పెరిగింది. పోల్చి చూడడానికి వేరే బృందం లేదు కాబట్టి ఆ ఫలితమంతా శిక్షణదేనని అనలేం.

ఎప్‌స్టీన్ నేర్పే చిన్న కిటుకు ఒకటుంది: రోగి గది తలుపు పిడి మీద చెయ్యి వేసి, ఒక్క ఊపిరి తీసుకుని లోపలికి వెళ్లడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగులను చూసే హౌస్ సర్జన్‌కైనా అంత సమయం దొరుకుతుంది. వార్డుకు తలుపు లేకపోతే చేతులు కడుక్కునే క్షణం చాలు.

నిద్ర లేనివాడికి ఊపిరి పాఠం చెప్పి లాభం లేదు. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో రెసిడెంట్లకు వారానికి 74 గంటలు మించి డ్యూటీ వద్దని, వారానికో సెలవు ఉండాలని సిఫారసు చేసింది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఈ శిక్షణ పెట్టేవారు ముందు డ్యూటీ చార్టులోనే ఆ రెండున్నర గంటలకు చోటివ్వాలి. డ్యూటీ దిగాక రమ్మంటే అది మరో డ్యూటీ అవుతుంది.