రాత్రి తొమ్మిదింటి చుక్క

ఎనిమిదేళ్లుగా మా పటమట ఇంట్లో రాత్రి తొమ్మిదయ్యేసరికి అమ్మ మంచమ్మీద వెల్లకిలా పడుకుంటుంది. నేను చేతులు కడుక్కుని, ఆమె కింది రెప్పను వేలితో లాగి ఒక్క చుక్క వేస్తాను. కళ్లు మూశాక ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు నొక్కి పట్టుకుంటాను. లేకపోతే మందు ముక్కులోకి, గొంతులోకి జారిపోతుంది. ఈ నొక్కడం చేతికి రావడానికే నెలలు పట్టింది.

అమ్మకు నీటికాసులు. ‘‘ప్రెషర్ బాగానే ఉందన్నారు కదరా, ఇంకా ఎందుకీ చుక్కలు?’’ అంటుంది.

కృష్ణా డెల్టాలో పుట్టిన మనిషి, సగం జవాబు ఆమెకే తెలుసు. డ్రెయిన్‌కి గుర్రపుడెక్క అడ్డం పడితే చేలో నీరు నిలుస్తుంది. కంట్లోనూ నీరు ఊరుతూనే ఉంటుంది. పోయే దారి మూసుకుపోతే ఒత్తిడి పెరుగుతుంది. మామూలుగా అది 10 నుంచి 21 మి.మీ. మెర్క్యురీ మధ్య ఉంటుంది.

మిగతా సగమే నన్ను కలవరపెడుతుంది. ఒత్తిడి కంటి నరాన్ని నలిపి ఊరుకోదు. రెటీనాలో కాపలా కాసే మైక్రోగ్లియా కణాలను లేపుతుంది, రోగనిరోధక జన్యువులను పనిలోకి దించుతుంది. నీటికాసులు వచ్చే జాతి ఎలుకల్లో, నరం దెబ్బతిన్న ఆనవాలు కనబడకముందే కాంప్లిమెంట్ అనే రోగనిరోధక జన్యువులు చురుకెక్కాయని 2011లో తేలింది. వాటిలో సీ1క్యూ పనిచేయకుండా చేసిన ఎలుకల్లో నరం చాలావరకు నిలబడింది. 2018లో మరో సంగతి బయటపడింది. ఎలుక కంట్లో ఒత్తిడి పెరిగి, మళ్లీ మామూలుకొచ్చింది. అయినా రెటీనాలోకి చొరబడ్డ టీ కణాలనే రోగనిరోధక కణాలు అక్కడి నాడీకణాలను దెబ్బతీస్తూనే ఉన్నాయి. కాపాడాల్సినవే కాటేశాయి.

ఎలుక కన్నూ మనిషి కన్నూ ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పరిశోధన గురించి చదివిన రోజు నాకు అమ్మతో వెళ్లిన అవనిగడ్డ పెళ్లి గుర్తొచ్చింది. మందు సీసా ఇంట్లో మరిచి వెళ్లాను. నాలుగు రాత్రులు చుక్క పడలేదు. ‘‘నాలుగు రోజులేగా’’ అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట అనలేను. రోగనిరోధక శక్తిని అదుపుచేసే మందులపై పరిశోధన సాగుతోంది. ఈలోగా మన చేతిలో ఉన్నది ఒత్తిడిని పెరగనివ్వకపోవడమే.

అయితే ముందు జబ్బు బయటపడాలి కదా. 1996-97లో హైదరాబాద్‌లో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సర్వే చేస్తే, నీటికాసుల్లో ఓపెన్ యాంగిల్ రకం ఖాయంగా ఉన్నవాళ్లు 27 మంది తేలారు. ఆ సంగతి ముందే తెలిసినవాళ్లు ఇద్దరే. ఆ 27 మందిలో మూడింట రెండొంతుల మందికి ఒత్తిడి 22 కన్నా తక్కువే ఉంది.

అందుకే, మీ ఇంట్లో ఒకరికి ఈ జబ్బుంటే 40 దాటిన అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కళ్లు చూపించుకోండి. ప్రెషర్ ఒక్కటే కాదు, నరాన్నీ చూడమని డాక్టరుగారిని అడగండి.