డొమైన్ రికార్డు: ఏ తేదీని నమ్మాలి?

ఒక డొమైన్ పేరు ఎప్పుడు రిజిస్టరైంది, ఏ సంస్థ ద్వారా తీసుకున్నారు, గడువు ఎప్పుడు తీరుతుంది అనేవి తెలుసుకోవడానికి నాలుగు దశాబ్దాల పాటు వాడిన పద్ధతి హూఈజ్. దీని తొలి ప్రమాణం 1982లో వచ్చింది. అడిగినదానికి అది ఉత్త అక్షరాల్లో జవాబిస్తుంది. వివరాలు ఏ వరసలో ఉండాలో, తేదీ ఎలా రాయాలో ఆ ప్రమాణం చెప్పలేదు. దాంతో ఒక్కో సంస్థ ఒక్కో తీరున రాస్తూ వచ్చింది. 03-04 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా అన్నది చదివేవారే ఊహించుకోవాలి.

దీనికి విరుగుడుగా 2015లో ఆర్‌డీఏపీ ప్రమాణాలు వచ్చాయి. ఇందులో ప్రతి వివరానికీ స్థిరమైన పేరుంది, తేదీలకు ఒకే రూపముంది. తెలుగు డొమైన్‌ను తెలుగు లిపిలోనే చూపే వీలూ ఉంది. డాట్ కామ్ వంటి జెనరిక్ డొమైన్లకు 2025 జనవరి 28 నుంచి హూఈజ్ తప్పనిసరి కాదు, ఆర్‌డీఏపీదే ఆ స్థానం.

రూపం కుదిరినా అర్థం తెలియకపోతే ముప్పు తప్పదు. అన్నిటికన్నా ఎక్కువగా తికమకపెట్టేది గడువు తేదీ. డాట్ కామ్ మూల జాబితాను నిర్వహించే రిజిస్ట్రీ వెరిసైన్. పేర్లను అమ్మేవారు రిజిస్ట్రార్లు. గడువు తీరగానే, యజమాని డబ్బు కట్టకపోయినా, రిజిస్ట్రీ రికార్డులోని గడువు తేదీ ఏడాది ముందుకు జరుగుతుంది. ఆ తర్వాత 45 రోజుల్లోగా రిజిస్ట్రార్ ఆ పేరును తొలగించవచ్చు. ఈ మధ్యలో రికార్డు చూసినవారికి పేరు ఇంకో ఏడాది భద్రమనే అనిపిస్తుంది. రికార్డులో పేరు స్థితిని తెలిపే స్టేటస్‌లో 'ఆటో రెన్యూ పీరియడ్' అని కనిపిస్తే మాత్రం ఆ తేదీ ఇంకా ఖాయం కాలేదని గ్రహించాలి. 'రిడెంప్షన్ పీరియడ్' అని ఉంటే పేరు ఇప్పటికే తొలగింపులో ఉన్నట్టు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి 30 రోజులే గడువు, ఖర్చూ ఎక్కువే.

'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' అన్నది చూసి కంగారుపడనక్కర్లేదు. పేరును ఎవరూ దొంగచాటుగా తరలించకుండా రిజిస్ట్రార్ వేసిన తాళం అది. యజమాని పేరుండాల్సిన చోట 'రిడాక్టెడ్' అని ఉన్నంత మాత్రాన మోసమనీ అనుకోకూడదు. ఐరోపా సమాఖ్య గోప్యతా చట్టం 2018 మే 25న అమల్లోకి వచ్చినప్పటి నుంచి వ్యక్తిగత వివరాలను ఇలా దాచడం మామూలైంది.

వివరాలు చూపే ప్రతి వెబ్‌సైటూ ఏ తేదీ ఎవరిచ్చిందో పక్కనే రాయాలి, స్టేటస్‌కు ఒక్క వాక్యంలో అర్థం చెప్పాలి. పేరు పోతే చిన్న వ్యాపారికి మెయిల్, ఖాతాదారులు ఒకేసారి దూరమవుతారు. అందుకే డొమైన్ ఉన్న ప్రతి ఒక్కరూ రిజిస్ట్రార్ దగ్గరి తమ ఖాతాలో ఉన్న గడువునే లెక్కలోకి తీసుకుని, ఆలోగా డబ్బు కట్టాలి.