చెవిన పడిన పాట

సంగీతం మీద మన పత్రికల్లో వచ్చే విమర్శ సాధారణంగా రెండు రకాలు. ఒకటి పాడినవాళ్ళని తూకం వేస్తుంది. శ్రుతి నిలిచిందా, సాహిత్యం తెలిసిందా, మృదంగం అతిగా పోయిందా అని అడుగుతుంది. రెండోది పరికరాన్ని తూకం వేస్తుంది. స్పీకర్లు ఎన్ని వాట్లు, ధర ఎంత, థాంక్స్‌గివింగ్ సేల్‌లో ఎంతకి దిగుతుంది అని అడుగుతుంది. ఈ రెండింటి మధ్యా ఒక ప్రశ్న ఎవరికీ పట్టకుండా పోయింది. ఆ పరికరంలోంచి పాట వస్తున్నప్పుడు, పెట్టుకున్న మనిషికి గాక ఇంకెవరికి వినపడుతోంది? గ్రామఫోను దగ్గర్నించి చెవిలో దోపుకునే బిరడాల దాకా అన్నిటికీ ఈ ఒక్క ప్రశ్నతోనే పరీక్ష పెట్టదలుచుకున్నాం.

ఇలాంటి పరీక్షకి మా ప్లెయిన్స్‌బరో తగిన ఊరే. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు తయారుచేసిన మెన్లో పార్కు మనది కాని చోటేమీ కాదు, మనం ఉంటున్న మిడిల్‌సెక్స్ కౌంటీలోదే. 1954 నించి ఎడిసన్ పేరు పెట్టుకున్న ఆ టౌన్‌షిప్‌కే ఇవాళ మనం కరివేపాకు కోసం, పెసరట్టు కోసం పోతున్నాం. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన బెల్ ల్యాబ్స్ మర్రే హిల్ ఈ రాష్ట్రంలోనే ఉంది. దక్షిణాన కామ్డెన్‌లో విక్టర్ గ్రామఫోను కంపెనీ ఉండేది. దాన్ని 1929లో కొనుక్కున్న ఆర్‌సీఏ వాళ్ళ పరిశోధనశాల 1942లో మా పక్కనే వెస్ట్ విండ్సర్‌లో, రూట్ వన్ దగ్గర వెలిసింది. మన పెద్దల ఇళ్ళల్లో హెచ్‌ఎంవీ రికార్డుల మీద గొట్టంలోకి చెవి ఒగ్గి కూర్చున్న కుక్క గుర్తుంది గదా. ఇక్కడ అదే బొమ్మ విక్టర్ వాళ్ళదీ, ఆ తరవాత ఆర్‌సీఏ వాళ్ళదీ. ఆ కుక్క పుట్టింది ఇంగ్లండులోనే అయినా, దానికి అన్నం పెట్టిన కంపెనీల్లో ఒకటి మన న్యూజెర్సీదన్నమాట.

తిరిగే పళ్ళెం కూడా ఈ ఊరికి కొత్త కాదు. 1930లో ఇక్కడి వాకర్-గార్డన్ డెయిరీలో 50 ఆవుల్ని గుండ్రంగా తిరిగే అరుగు మీద నిలబెట్టి పాలు పితికే యంత్రం పెట్టారు. రోటోలాక్టర్ దాని పేరు. 1971లో ఆ డెయిరీ మూతపడింది. ఆ దశాబ్దంలోనే ఊళ్ళో పొలాలు పోయి అపార్టుమెంట్లు లేచాయి. వాటిలోకి క్రమంగా మనవాళ్ళూ వచ్చారు, టేప్‌రికార్డర్లతో సహా.

సరే, పరీక్షకి వద్దాం. ముందు గ్రామఫోను. పాత పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు పట్టేది సుమారు 3 నిమిషాలే. మన నాటకాల్లో పద్యానికి అంత క్రమశిక్షణ ఎక్కడిది? రాగం తీసినవాడికి తీసినంత, పైగా వెనక బల్లల నించి వన్స్ మోర్. పద్యం ముగిసేసరికి మాట ఏమిటో మరిచిపోయిన శ్రోతలూ ఉండేవాళ్ళు. రికార్డు ఆ వైభవాన్ని కత్తిరించింది. చాలామంది దాన్ని నష్టమే అన్నారు. కానీ ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ వినండి. రాగం ఎక్కడా పద్యాన్ని మింగెయ్యదు. సమాసం ఎక్కడ విరవాలో అక్కడే విరుగుతుంది, మాట పూర్తిగా అందిన తరవాతే గమకం కదులుతుంది. చదువురానివాళ్ళకి కూడా పద్యం అర్థమయ్యేలా పాడే పద్ధతి అది. దానికి కారణం ఆయన గొంతూ, సంస్కారమూ. అయితే కాలం తక్కువన్న బెదిరింపు కూడా కొంత సాయం చేసిందని మా అనుమానం. యంత్రం పెట్టిన హద్దులోంచి కళ పుట్టగలదనడానికి తెలుగులో ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు తోచదు. కనక యంత్రాల మీద కత్తి కట్టడం మా ఉద్దేశం కాదని పాఠకులు గ్రహించాలి.

ఇహ ఎవరికి వినపడింది అన్న ప్రశ్న. గ్రామఫోను ఒకళ్ళదే అయినా వినడం పదిమందిది. రేడియో సంగతి చెప్పనే అక్కర్లేదు. లైసెన్సుకి పోస్టాఫీసులో డబ్బు కట్టింది ఒక ఇంటివాళ్ళయితే, విన్నది వీథి వీథంతా. 1948లో విజయవాడ కేంద్రం వచ్చింది. పొద్దున్నే భక్తిరంజని ఒక ఇంట్లో మొదలై, నడిచిపోతున్న మనిషికి తెగకుండా నాలుగో ఇంటిదాకా వినపడేది. మునిసిపల్ పార్కులో రేడియో, కాఫీ హోటల్లో రేడియో, మంగలి షాపులో రేడియో. ఎవరూ ఎంచుకోలేదు, ఎవరూ తప్పించుకోలేదు. 1963లో సుబ్బులక్ష్మి పాడిన సుప్రభాతం రికార్డు వచ్చింది. సంస్కృతం ఒక్క ముక్క చదువుకోనివాళ్ళ నోట్లో ఇవాళ ఆ శ్లోకాలు ఆడుతున్నాయంటే, వాళ్ళు నేర్చుకున్నారని కాదు. చెవిన పడ్డాయి, అంతే.

చెవిన పడటంలో బాధలు లేకపోలేదు. పెళ్ళివారి మైకుసెట్టు తెల్లవారుజామున మొదలెడితే పరీక్షలకి చదువుకునే పిల్లవాడి గతేమిటి? పాటకే అన్యాయం జరిగిన సందర్భమూ ఉంది. ఘంటసాల భగవద్గీత 1974లో ఆయన పోయాక బయటికొచ్చింది. ఎంపిక చేసిన శ్లోకాలు, వెంట తెలుగు తాత్పర్యం, తొణకని గొంతు. ఆంధ్రదేశంలో దాన్ని చావింటి ముందు మైకులో పెట్టడం ఆనవాయితీ అయిపోయింది. మామూలు రోజున ఎవరైనా ముచ్చటపడి పెట్టుకుంటే పక్కింటివాళ్ళు గాభరాగా ఎవరు పోయారని అడిగే పరిస్థితి. యుద్ధం చెయ్యమని చెప్పిన గ్రంథం శవయాత్రకి సంకేతమైంది. దాన్ని మళ్ళీ గీతగా వినాలంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒంటరిగా వినడమే మార్గం. ఒంటరి వినికిడి చేసిన ఉపకారాల్లో దీన్ని మేము మొదట రాసుకుంటాం.

ఫిలిప్స్ కంపెనీ 1963లో కాసెట్టు బయటపెట్టింది. దేశం విడిచి వచ్చిన మన కుటుంబాలకి అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఇండియాకి ఫోను చెయ్యాలంటే గుండె చిక్కబట్టుకోవలసిన రోజుల్లో, మాటలు నింపిన కాసెట్లే ఉత్తరాలయ్యాయి. అమ్మమ్మ క్షేమసమాచారాల వెనక కుక్కరు కూత, కాకి అరుపు, వీథిలో కూరగాయల మనిషి కేక. వాటినెవరూ రికార్డు చెయ్యమనలేదు. ఇప్పుడు వింటే అమ్మమ్మ మాటలతో సమానంగా అవే విలువైనవిగా తోస్తాయి. సినిమా పాటల సంగతైతే, కాపీకి తీసిన కాపీలో గాయకుడి గొంతుతో బుస పోటీపడేది. అయినా కారులో డెక్కు ఒక్కటే. 1977లో ఫ్లషింగ్ గణపతి గుడికి కుంభాభిషేకం జరిగాక కుటుంబాలు వేసుకుని అక్కడికి పోయేవాళ్ళుండేవారు. పోనూ రానూ నడిపేవాళ్ళ ఇష్టమే పాట. వెనక సీట్లో పిల్లలు మూతి ముడుచుకునే విన్నారు. అలా విసుక్కుంటూ విన్నవాళ్ళు నడివయసులోకి వచ్చాక, తెలుగు సరిగ్గా మాట్లాడలేకపోయినా ఆ పాటల పల్లవులు మటుకు తప్పు లేకుండా అందుకుంటున్నారు.

ఇక్కడ వాక్‌మన్ గురించి ఒక ముచ్చట. సోనీ కంపెనీ 1979లో తెచ్చిన మొదటి వాక్‌మన్‌కి ఇయర్‌ఫోన్లు పెట్టుకునే రంధ్రాలు రెండుండేవి. నారింజ రంగు బొత్తం ఒకటుండేది. అది నొక్కితే పాట తగ్గి, పక్కనున్న మనిషి మాట వినపడేది. ఒక్కడే పెట్టుకుని వినడం మర్యాదగా ఉండదని కంపెనీ పెద్ద అకియో మొరిటా భావించాడు. తీరా జనం దాన్ని తమ ఒక్కరి సొత్తుగానే వాడుకున్నారు. తరవాతి మోడళ్ళలో ఆ రెండో రంధ్రం పోయింది. సంగీత పరికరాల చరిత్ర రాసేవాళ్ళు స్టీరియోకి ఒక అధ్యాయం, 1982లో వచ్చిన సీడీకి ఒక అధ్యాయం ఇస్తారు. పూడిపోయిన ఆ రంధ్రానికి కూడా ఒక అధ్యాయం ఇవ్వాలని మా అభిప్రాయం.

నగర జీవితానికి ఆ పూడిక అవసరమే. పొద్దున ప్రిన్స్‌టన్ జంక్షన్లో బండెక్కి న్యూయార్కు పెన్ స్టేషన్ దాకా పోయేవాళ్ళు వందమందీ వంద పాటలు పైకి పెడితే ఆ పెట్టెలో మనిషి బతకడు. అపార్టుమెంటు గోడలు పల్చన, కింది వాటా వాళ్ళకి రాత్రి డ్యూటీలు. మన పాట పక్కవాడికి వినపడకుండా చూసుకోవడం ఇక్కడి నాగరికత. మేము దాన్ని గౌరవిస్తాం. చిక్కల్లా, బండి దిగి ఇంటికొచ్చాక కూడా అదే నాగరికత పాటించడంలో ఉంది.

ఇవాళ మన ఇళ్ళు చూడండి. తండ్రి గారు గరాజిలో ఏదో సర్దుతూ ఇళయరాజాని వింటుంటారు. తల్లి వంటింట్లో అన్నమాచార్య కీర్తన వింటుంటుంది. పెద్దపిల్ల చదువు బల్ల దగ్గర, చిన్నవాడు మేడమెట్ల మీద, వాళ్ళ పాటలు వాళ్ళవి. అందరి చెవుల్లోనూ తెల్లటి బిరడాలు. నాలుగు పాటలు మోగుతున్న ఇంట్లోకి అతిథి అడుగు పెడితే ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. తగువు లేదు, ‘ఆ గోల ఆపు’ అనే అరుపు లేదు. ఆ అరుపు లేకపోవడమే మాకు బెంగగా ఉంది. ఆపమని అరవాలంటే ముందు వినపడాలి గదా!

దీనికి ఒక సమాధానం ఉంది. ఫోనులో అంతా దొరుకుతుంది, మన తాతలు కలలో కూడా చూడనన్ని పాటలు పిల్లల వేళ్ళ కొసన ఉన్నాయి అంటారు. ఆ మాట నిజమే. కానీ వెతకాలంటే పేరు తెలియాలి. పేరు తెలియాలంటే ఎప్పుడో ఒకసారి చెవిన పడి ఉండాలి. కరుణశ్రీ పేరే వినని పిల్ల పుష్పవిలాపాన్ని వెతుకుతుందని ఎలా ఆశిస్తాం? యంత్రమే తర్వాతి పాట ఎంచి పెడుతుంది గదా అంటారా, అది ఎంచేది నిన్న విన్నదాన్ని చూసుకునే. రేడియో మన ఇష్టాయిష్టాలు తెలియని మొండి మనిషి. అందువల్లే మనం అడగనివి కూడా మన నెత్తిన పోసింది. తెలుగు బడిలో ఆదివారం గంటసేపు అక్షరాలు దిద్దించగలం. ఒత్తులు పలికించగలం. మాట ఏ సందర్భంలో ఎలా మెలి తిరుగుతుందో, పెద్దలు ఏ పాటకి కళ్ళు తుడుచుకుంటారో బడిలో చెప్పడం కుదరదు. అవి పక్క గదిలోంచి వినపడవలసినవి.

మన సంఘాల కార్యక్రమాల మీద కూడా ఒక మాట అనక తప్పదు. ఒకప్పుడు హార్మోనియం వాయించేవారూ తబలా పట్టేవారూ లేక నానా తంటాలు పడేవాళ్ళం. ఇప్పుడు ట్రాకులు వచ్చాయి, వేదిక మీద అందరూ పాడగలుగుతున్నారు. సంతోషమే. అయితే ట్రాకు పాడేవాడి కోసం ఆగదు. సభ ఎంత మురిసిపోయినా చరణం రెండోసారి అందుకోవడానికి వీల్లేదు. రికార్డు 3 నిమిషాల హద్దు పెడితే ఘంటసాల ఆ హద్దుని వాడుకున్నారు. ట్రాకు పెట్టిన హద్దులో మనం దాన్ని వెంబడించి పరుగెత్తడం తప్ప మరోటి చెయ్యడం లేదు. హార్మోనియం పట్టిన మనిషి మటుకు పాడేవాడి ముఖం చూసి ఆగుతాడు. సగం తప్పులతో అయినా సరే, ప్రతి కార్యక్రమంలోనూ ట్రాకు లేని పాట ఒకటైనా ఉండాలని మేము కోరుతున్నాం.

ఇళ్ళకి మేము సూచించేది కూడా పెద్ద సంస్కరణేం కాదు. చెవి బిరడాలు చెత్తబుట్టలో వెయ్యమనడం లేదు, రైలుకి వాటిని తప్పక పట్టుకెళ్ళండి. రాత్రి భోజనాల వేళ అరగంట మాత్రం వంటింట్లో ఒక స్పీకరు పైకి మోగనివ్వండి. ఖరీదైనది అక్కర్లేదు. వంతులవారీగా ఒక రోజు ఒకళ్ళు పాటలు ఎంచాలి, మిగతావాళ్ళు విసుక్కోవచ్చు గాని మార్చకూడదు. పిల్లల వంతు వచ్చినప్పుడు పెద్దలు కూడా ఆ రాప్ సంగీతం చచ్చినట్టు వినాల్సిందే. అది మనకి మాత్రం చెవిన పడొద్దూ? కింది వాటా వాళ్ళు కర్రతో తడితే కాస్త తగ్గించండి, పూర్తిగా ఆపెయ్యకండి.