నీడలో నలుపు ఉండదు

పాత కట్టడం బొమ్మ గీస్తే మట్టిరంగుల్లోనే గీయాలని చాలామంది నమ్మకం. చార్మినార్‌కు ముదురు నారింజ, దాని నీడకు ఊదా వేస్తే ముఖం చిట్లిస్తారు. కానీ పొద్దువాలే వేళ లాడ్ బజార్ వైపు నిలబడి చూడండి. 1591 నాటి ఆ గోడల మీది సున్నపు పూత ఏ పూట ఎండ పడితే ఆ పూట రంగే పట్టుకుంటుంది. చిత్రకారుడు క్లాడ్ మోనె 1892, 93లలో ఫ్రాన్స్‌లోని రూఆన్ పెద్ద చర్చిని ముప్పైకి పైగా చిత్రాల్లో గీసింది ఇందుకే. ఒకే గోడ ఒక చిత్రంలో నీలం, ఇంకోదాంట్లో బంగారం.

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ సంగతి వేరు. 1939లో ప్రారంభమైన ఆ భవనానికి రాతిలోనే గులాబీ ఉంది. ఎండ ఏటవాలుగా పడిందా, ఆ గులాబీ మండుతుంది. నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టేది మాత్రం నడిమి పెద్ద కమాను. దాని లోపలి చీకటికి నలుపు పూస్తే కాగితానికి చిల్లు పడ్డట్టుంటుంది. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా గోధుమరంగు కలిపి, తడి ఆరకముందే అంచున కొంచెం ఊదా వదిలితే చీకటి వస్తుంది, అందులో గాలీ ఆడుతుంది. కమాను అడుగు వంపును ఇంకొంచెం సేపు చూడండి. నేల మీద పడ్డ ఎండ పైకి తిరిగి అక్కడ పలచటి నారింజ పూస్తుంది. ఆ ఒక్క పూత పడగానే రాయికి బరువొస్తుంది.

కాగితమంతా గాఢంగా నింపితే మాత్రం ఏ రంగూ వెలగదు. ఒక్కచోట రంగును మండనిచ్చి, చుట్టూ పలచగా ఉంచాలి. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే కాబట్టి ఎండ పడే అంచును ముందే వదిలిపెట్టుకోవాలి. గీత కూడా నిక్కచ్చిగా ఉండాలి. మినార్ కాస్త ఒరిగినా ముదురు రంగు దాన్ని దాచదు, ఎత్తి చూపుతుంది.

ఫోటో చూసి గీయకండి. కెమెరా నీడల్ని నల్లగా మింగేస్తుంది, అందులోని నీలాన్ని పట్టేది కన్నే. మీ ఊళ్లో కోటో, గడియార స్తంభమో, పాత రైల్వే స్టేషనో ఉంటుంది. ఈ ఆదివారం దాని ఎదురుగా కూర్చోండి. నల్లరంగు ట్యూబు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి.