బల్లపై హెలికాప్టరు

కంప్యూటరు తెరపై హెలికాప్టరు నడుపుట నేర్వగోరువారికి లామినార్ రీసెర్చి సంస్థవారి ఎక్స్-ప్లేన్ 12 ఒక మంచి సాధనము. 2022లో వెలువడిన దీనియందు రాబిన్సన్ ఆర్22 అను రెండు సీట్ల హెలికాప్టరు కలదు.

దీని గణనపద్ధతి మెచ్చదగినది. రోటరు రెక్కను చిన్న చిన్న ఖండములుగా విభజించి, ఒక్కొక్కదానిపై గాలి కలిగించు బలమును లెక్కించి కూడును. అందుచే ఎడమచేతి మీట నెత్తగానే హెలికాప్టరు పైకి లేచుచు, ముక్కును కుడికి త్రిప్పును. ఎడమ పెడలు నొక్కి దానిని సరిచేయవలెను. న్యూటను మూడవ సూత్రమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణము తరగతిలో దొరకుట అరుదు.

లోపమెల్ల గాలిలో ఒకేచోట నిలుపుటలో కనబడును. నిజమైన హెలికాప్టరు ప్రక్కకు జారనారంభింపగానే కంటికి తోడు లోచెవియు, కూర్చున్న శరీరమును ఆ కదలికను పసికట్టును. ఇంటిలోని కుర్చీ కదలదు. కన్నొక్కటే చూచి చెప్పవలెను. చిన్న తెరపై అదియు ఆలస్యముగనే చూచును. ఆలస్యమైన సవరణ మితిమీరి, యంత్రము ఊయలవలె ఊగును. ఇది చూచి విద్యార్థి తనకు నేర్పు లేదని నిరాశ చెందరాదు.

అట్లే, తెరపై నిలుపగలిగినవాడు ఆకాశములోను నిలుపగలనని తలపరాదు. తెరపై కూలిన హెలికాప్టరు ఒక మీట నొక్కిన మరల లేచును. కావున దీనిని సూత్రములు బోధించు పరికరముగ స్వీకరింతము. శిక్షకుని స్థానము శిక్షకునిదే.