వచనాభినయ పరంపర: డా. గోవిందరాజుల సుబ్బారావు వెండితెర పాత్రలు

కృష్ణా డెల్టా నాటకరంగ చరిత్ర రచన చాలావరకు పద్యం చుట్టూనే సాగింది. విజయవాడ, తెనాలి, బందరు వేదికలపై వన్స్‌మోర్‌లు అందుకున్న గాయకనటుల పేర్లు తరతరాలు నిలిచాయి. మాటతోనే పాత్రను నిలబెట్టిన నటులకు అంతటి పరిశీలన దక్కలేదు. తెనాలిలో వైద్యవృత్తి చేస్తూ నాటకాలాడిన డా. గోవిందరాజుల సుబ్బారావు (1895-1959) అటువంటివారిలో ముఖ్యులు.

నలభై దాటాకే ఆయన తెరపైకి వచ్చారు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' (1938)లో సుందరరామశాస్త్రిగా నటించారు. హరిజనుల ఆలయప్రవేశాన్ని వ్యతిరేకించే ఆ ఛాందసుణ్ణి ప్రతినాయకుడిగా మలచడం తేలిక. సుబ్బారావు అతణ్ణి తన ధర్మాన్ని మనసారా నమ్మిన మనిషిగా చూపారు. శాస్త్రిలో చివరికి వచ్చే మార్పు నమ్మదగినదిగా ఉండటానికి కారణం ఇదే. రామబ్రహ్మం ప్రారంభించగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన 'పల్నాటి యుద్ధం' (1947)లో ఆయనే చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు. సిద్ధాంతరీత్యా ఈ రెండు పాత్రలూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. 'గుణసుందరి కథ' (1949)లోని రాజు, లియర్ ఛాయలున్న తండ్రి.

'షావుకారు' (1950) వీటన్నిటికంటె కఠినమైన పరీక్ష. చెంగయ్యకు కిరీటం లేదు, పురాణగౌరవం లేదు. చక్రపాణి రాసిన ఇంటి మాటలే అతని ఆధారం. వడ్డీవ్యాపారి లెక్క, ఊరిపెద్ద అహం, పొరుగింటి స్నేహం తెగినందుకు పైకి చెప్పుకోలేని బాధ ఒకే గొంతులో వినిపిస్తాయి. కోపంలోనూ ఆ గొంతు వేదికమీది ఆర్భాటానికి పోదు. ఈ సహజత్వాన్ని కేవలం దర్శకునికో, కెమెరాకో ఆపాదించడం సమంజసం కాదు. నాటకంలో చివరి వరుస ప్రేక్షకునికి మాట స్పష్టంగా అందించే సాధన చేసిన నటుడే, ఎక్కడ తగ్గాలో కూడా ఎరిగి ఉంటాడు. షావుకారు చెంగయ్యే అయినా, ఆ బిరుదు మాత్రం కథానాయిక జానకి ఇంటిపేరుగా స్థిరపడింది!

'కన్యాశుల్కం' (1955)లోని లుబ్ధావధాన్లు విషయంలో కొంత మినహాయింపు అవసరం. ఎన్.టి. రామారావు గిరీశం చుట్టూ అల్లుకున్న ఆ చిత్రంలో అవధాన్ల పిసినారితనానికి హాస్యం దక్కినంతగా, ముసలితనపు భయానికి చోటు దక్కలేదు. పెద్దరికాన్ని లోపలినుంచి చూపగలిగిన నటుడు, నవ్వుల పాలయ్యే పెద్దరికాన్నీ అంతే లోతుగా చూపి ఉండేవారు. ఆ అవకాశాన్ని చిత్రానువాదం ఇవ్వలేదు.